బండ్లు నిలుచు వేసవిలో మనుష్యులను నిలుపుకొందము

ఆంగ్ల సంవత్సరము 2025 ముగియవచ్చినది. మన ఉగాదికి ఇంకను మూడు మాసముల వ్యవధి యున్నను, వర్తకులకును మిల్లు యజమానులకును డిసెంబరు నెలాఖరు ఒక విధమైన లెక్కల వేళ. ఏ గోదాములో ఎన్ని బస్తాలు నిలువయున్నవి, ఎవరి పద్దు తీరినది, ఎవరి బాకీ మిగిలినది అని అందరును చూచుకొందురు. కాని ఆ బస్తాలను మోసిన చక్రముల లెక్క చూచువారు తక్కువ. సిరిగేరి, సిరుగుప్ప, బళ్ళారి ప్రాంతములలో ఐదో పదో అంతకు మించియో లారీలు గల బియ్యపు మిల్లులు, పత్తి మిల్లులు, ఎరువుల కంపెనీలు ఉన్నవి. ఆ బండ్ల మంచిచెడ్డలు చూచు ఉద్యోగి ఒకడు ప్రతిచోటను ఉండును. జీతముల పుస్తకములో అతని పేరు ఒకచోట మేనేజరనియు, మరియొకచోట గుమాస్తా యనియు వ్రాయబడియుండును. అది కూడ లేక ‘మనవాడే చూచుకొనును’ అన్న మాటతో సరిపుచ్చిన చోట్లును కలవు. ఈ యేడు ఆ మనిషి పడిన పాట్లను గూర్చియు, రాబోవు వేసవిలో అతనికిని డ్రైవర్లకును ఎదురు కానున్న గడ్డుకాలమును గూర్చియు మన వారపత్రిక పాఠకులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

ఇది లారీలవారి గొడవ, మనకేల యని కొందరనవచ్చును. తుంగభద్ర కాలువలలో నీరు పారిన 1950ల నాటినుండి మన కుటుంబముల బ్రదుకు వడ్లతో ముడిపడినది. వడ్ల బ్రదుకు బండితో ముడిపడినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆ రాష్ట్రమునకు పోగా, మన సిరుగుప్ప, బళ్ళారి తాలూకాలు మైసూరు రాష్ట్రమున చేరినవి. గీత మనుష్యులు గీసినదే గాని సరుకు దానిని గుర్తింపదు. పత్తికి ఆదోని సంతయు, బియ్యమునకు బెంగుళూరు సంతయు కావలసియున్న మనకు బండి నిత్యావసరము. ఆదోని మనకు పొరుగూరే యైనను, కర్ణాటక పర్మిటు మాత్రమేగల లారీ ఆ గీత దాటరాదు. దానికి నేషనల్ పర్మిటు తీసికొని, ప్రతి సంవత్సరమును రుసుము కట్టవలెను. కావున బండ్ల సంగతి మన ఇండ్ల సంగతియే.

మొదట ఆ మేనేజరు పనియెట్టిదో చూతము. డీజిలు పట్టించుట, టైర్ల అరుగుదల కనిపెట్టుట, ఎఫ్.సి., ఇన్సూరెన్సు, పర్మిటు, పన్ను, పొగ సర్టిఫికెట్టు తేదీలు దాటకుండ చూచుట, డ్రైవరుకు బత్తా యిచ్చుట, హమాలీలను సమకూర్చుట, కాటా చీటీ సరిచూచుట, నడిరాత్రి హిరియూరు దగ్గర బండి చెడినదని ఫోను వచ్చిన మేస్త్రీని వెదకుట, ఇవన్నియు అతని మీదనే. ఇన్నిటికి జవాబుదారియైన వానికి అధికారమెంత? ఒక జత టైర్లు మార్చవలెనన్న యజమాని సెలవు కావలెను. యజమాని పెండ్లికి పోయియుండును; బండి నిలిచియుండును. ఒకవేళ మరమ్మతుకని బండిని ఆపినచో, యజమాని పెదతండ్రిగారు వచ్చి కల్యాణమంటపమునకు కుర్చీలు చేర్చుటకు దానినే పంపుమందురు. నష్టము వచ్చిన మేనేజరుది. లాభము వచ్చిన మిల్లుది. ఈ పద్ధతి మన మిల్లులలో ఏండ్ల తరబడి సాగుచున్నది.

ఇక ఈ యేటి లెక్క. 2025 ఏప్రిల్ 1న కర్ణాటక ప్రభుత్వము డీజిలుపై అమ్మకపు పన్నును 18.44 శాతమునుండి 21.17 శాతమునకు పెంచినది. లీటరు ధర రెండు రూపాయలు పెరిగినది. రెండు రూపాయలే గదా యనుకొనువారికి ఒక చిన్న లెక్క. సిరిగేరినుండి బెంగుళూరికి పోయివచ్చుటకు సుమారు 700 కిలోమీటర్లు వేసికొందము. పది చక్రముల లారీ లీటరుకు 4 కిలోమీటర్లు నడచునన్న 175 లీటర్లు కావలెను. పెరిగిన ఖర్చు ట్రిప్పునకు 350 రూపాయలు. నెలకు ఎనిమిది ట్రిప్పులు తిరుగు లారీలు పదియున్న కంపెనీకి నెలకు 28,000 రూపాయలు. ఇంత భారము పడినను, ముందుగా ఒప్పుకొన్న బాడుగ ఒక్క రూపాయయు పెరుగదు. అనేక కంపెనీలలో ఏడాది ప్రారంభమున కుదుర్చుకొన్న రేటు ఏడాది చివరివరకు సాగును.

ఈ పెంపును నిరసించుచు రాష్ట్ర లారీ యజమానుల సమాఖ్య ఏప్రిల్ 14 అర్ధరాత్రి మొదలు సమ్మె చేసినది. మంత్రులతో చర్చలు జరిగిన పిదప 17వ తేదీన అది విరమింపబడినది. పన్ను మాత్రము తగ్గలేదు. ఇంత జరిగినను డీజిలు ధర ఆంధ్రప్రదేశములో మనకంటె నాలుగైదు రూపాయలు ఎక్కువగనే యున్నది. అందువలన ఆవలి బండ్లు సరిహద్దు దాటివచ్చి మన బంకులలో టాంకులు నింపుకొనుట అందరు ఎరిగినదే. దీనినుండి మన మేనేజర్లు నేర్వదగిన పాఠమొకటి కలదు. ఆదోనికో గుంతకల్లుకో పోవు బండికి డీజిలు ఈవలనే నింపి పంపిన లాభము. దారిలో పట్టించుకొమ్మని డ్రైవరు చేతికి సొమ్మిచ్చిన నష్టము. ఇట్టి చిన్న నియమమైనను వ్రాతలో పెట్టిన కంపెనీలు మనలో ఎన్నియున్నవి?

అన్నియు కష్టములే యనుట ధర్మము కాదు. సెప్టెంబరు 22 మొదలు సరుకు రవాణా బండ్లపై జి.యస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది. లారీ టైర్లపై పన్నును అట్లే తగ్గినది. సరుకుల బండ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుపై 12 శాతము 5 శాతమైనది. వడ్లు, విడి బియ్యము వంటి పన్నులేని సరుకు నమ్మువారికి కొనుగోలుపై కట్టిన పన్ను తిరిగి రాదు గనుక, వారికి ఈ తగ్గింపు నికరమైన లాభము. అయితే ఈ లాభమే కొందరికి ఉచ్చు కాగలదు. ధర తగ్గినదని కొత్త లారీకి బయానా యిచ్చుటకు ముందు, రేపటి వేసవిలో దానికి లోడు ఎక్కడినుండి వచ్చునో ఆలోచింపవలెను. ఆ సంగతి ముందు చెప్పెదను.

కాగితముల బాధ మరియొకటి. విడి వడ్లకు ఇ-వే బిల్లు అక్కరలేదు. కాని 2022 జూలై 18 నుండి 25 కిలోలు మించని, ముందుగా తూచి కట్టి చీటీ వేసిన బియ్యపు సంచిపై 5 శాతము పన్ను గలదు. అందువలన మన మిల్లులలో 26 కిలోల సంచి పుట్టినది. సంచిలో ఒక్క కిలో తేడాతో లారీలో నుండవలసిన కాగితము మారిపోవును. పన్ను పడు సరుకు విలువ 50,000 రూపాయలు దాటిన ఇ-వే బిల్లు కావలెను. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక దినము. దారిలో బండి చెడి గడువు తప్పినచో, గడువునకు ఎనిమిది గంటల ముందునుండి ఎనిమిది గంటల తరువాత వరకే పొడిగించు అవకాశమున్నది. సరుకును వేరొక బండికి ఎక్కించిన ఆ బండి నంబరు చేర్చవలెను. ఈ సూక్ష్మములు డ్రైవరు ఎరుగడు, యజమాని వినడు. అర్ధరాత్రి ఫోనులో వీనిని సరిదిద్దువాడు మేనేజరే.

ఇక అధికభారము. దీనిని గూర్చి మొగమాటము లేక చెప్పవలసియున్నది. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఇరుసు భారపు పరిమితిని పెంచి, పది చక్రముల లారీ మొత్తము బరువును 25 టన్నులనుండి 28.5 టన్నులు చేసినది. లోడు ఎక్కువ మోయుటకు చట్టమే దారి యిచ్చినది. మన ఆశ దానితో తీరలేదు. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనున్న సవరణ ప్రకారము అధికభారమునకు జరిమానా 20,000 రూపాయలు. అదిగాక, మించిన ప్రతి టన్నునకు 2,000 రూపాయలు. ఐదు టన్నులు మించిన 30,000. నడిపినవాడే గాక, నడిపించినవాడును, నడుపనిచ్చినవాడును ఆ సెక్షను క్రిందికి వత్తురు. బాడుగ టన్నుకింత యని కుదుర్చుకొన్నంత కాలము ఎక్కువ బస్తాలు వేయవలెనన్న ఆశ పోదు. కాటా దగ్గర ‘ఇంకొక ఇరువది బస్తాలు వేయుము’ అని యజమాని చెప్పును. ‘వలదు’ అనగల ధైర్యము మేనేజరుకు లేదు. పట్టుబడిననాడు ‘నీకు తెలియదా’ అని అడుగునదియు ఆ యజమానియే.

పెరిగిన మరికొన్ని రుసుములను క్లుప్తముగా చెప్పి ముందుకు పోయెదను. నవంబరు 15 నుండి టోలుగేటువద్ద చెల్లుబాటగు ఫాస్టాగు లేని బండి నగదు చెల్లించిన రెండింతలును, ఫోను ద్వారా యు.పి.ఐ.తో చెల్లించిన ఒకటింబావు వంతులును కట్టవలెను. అదే నవంబరులో కేంద్ర ప్రభుత్వము పాత బండ్ల ఎఫ్.సి. పరీక్ష రుసుములను పెంచినది. ఇరువదియేండ్లు దాటిన పెద్ద లారీకి 2,500 ఉన్నది 25,000 అయినది. పెరటిలో పాత బండియున్న మేలే గదా, కోతలకాలమున అక్కరకు వచ్చును అని ఉంచుకొన్నవారు ఈ మార్చిలోగా కాగితము, కలము పట్టుకొని లెక్క వేసి, నిలుపుకొందురో గుజిరీకి పంపుదురో తేల్చుకొనుట మంచిది.

యంత్రములును మారినవి. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.6 లారీలు వచ్చినవి. పొగను శుద్ధిచేయుటకు వీనిలో యూరియా ద్రావకము పోయవలెను. అది తక్కువైనను, కల్తీదైనను, మీటరుపై దీపము వెలుగును. ఆ హెచ్చరికను లెక్క చేయనిచో ఇంజను బలము తగ్గిపోవును. వెనుకటి మేస్త్రీ చెవి యొగ్గి ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలిగెడివాడు. ఈ బండ్ల జబ్బు చెప్పుటకు కంప్యూటరు కావలెను. అది సిరిగేరిలో దొరకదు, బళ్ళారికి తోలుకొనిపోవలెను. చవుకగా వచ్చినదని ముక్కు మొగము తెలియని డబ్బాలోని ద్రావకము పోసి, పిదప వేలకు వేలు పోసి పరికరములు మార్చినవారు మనలో లేకపోలేదు.

ఇంతవరకు చెప్పినవన్నియు సొమ్ముతో తీరు కష్టములు. సొమ్ముతో మాత్రమే తీరనిది ఒకటి కలదు. అది డ్రైవరు. ఏ యజమానినడిగినను ‘బండ్లున్నవి, తోలువారు లేరు’ అనుచున్నాడు. వెనుక మన కుటుంబముల పిల్లలే క్లీనర్లుగా చేరి, చేయి తిరిగిన డ్రైవర్లై, తుదకు లారీ యజమానులైనవారు కలరు. నేడు ఆ పిల్లలు చదువుకొని బెంగుళూరు పోవుచున్నారు, అందుకు సంతోషింపవలసినదే. వారి స్థానమున కన్నడము, ఉర్దూ, హిందీ మాటలాడు డ్రైవర్లు వచ్చిరి. వచ్చినవారును నిలుచుట లేదు. ఏల నిలుతురు? దినములకు దినములు ఇల్లు విడిచియుండవలెను. సరుకు దించు చోట హమాలీలు వచ్చువరకు ఎండలో కాచుకొనవలెను. స్నానమునకు, కాలకృత్యములకు తావులేదు. లారీ డ్రైవరనిన పిల్లనిచ్చుటకు వెనుదీయుదురు. 2019లో డ్రైవింగు లైసెన్సునకు ఎనిమిదవ తరగతి నిబంధనను ప్రభుత్వము తొలగించినది. 2025లో కొత్త పెద్ద లారీలకు చల్లదనపు యంత్రముగల క్యాబిను తప్పనిసరియైనది. ఇవి మేలైన మార్పులే. కాని క్యాబిను చల్లబడినంత మాత్రమున మాట మెత్తబడదు. డ్రైవరును ‘ఏరా’ అని పిలుచు మిల్లులో ఏ చల్లని క్యాబినును అతనిని నిలుపలేదు.

పనిగంటలను గూర్చియు చెప్పవలెను. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది, వారమునకు నలుబదియెనిమిది గంటలని నియమించినది. ఆ చట్టము 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కొత్త కార్మిక సంహితలలో కలిసిపోయినది. గంటల నియమము మాత్రము అట్లే యున్నది. పనివానికి నియామకపు పత్రము ఇవ్వవలెననియు కొత్త సంహిత చెప్పుచున్నది. మన కంపెనీలలో ఎందరు డ్రైవర్లకు ఒక్క చీటీముక్కయైనను ఉన్నది? ప్రొద్దున లోడు ఎక్కించుకొని, రాత్రియెల్ల నడిపి, తెల్లవారుసరికి యశ్వంతపురము మార్కెటులో నుండవలెనని మనమే గడువు పెట్టుదుము. కన్ను మూతపడి ప్రమాదము జరిగిన ‘డ్రైవరు అజాగ్రత్త’ అని మనమే వ్రాయుదుము. ఆ అజాగ్రత్తకు మూలము మనము పెట్టిన గడువు.

ప్రమాదమనగా గుర్తు వచ్చినది. భారతీయ న్యాయ సంహితలో, ప్రమాదము చేసి తెలుపక పారిపోయిన పదియేండ్లవరకు శిక్ష యను నిబంధనపై 2024 జనవరి మొదటి దినములలో దేశమంతట డ్రైవర్లు బండ్లు నిలిపివేసిరి. 2024 జూలై 1న సంహిత అమలులోనికి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపనిబంధనను ఆపియుంచిరి. డ్రైవరు పారిపోవుట శిక్షకు వెరచి మాత్రమే కాదు. గుమిగూడిన జనము కొట్టుదురను భయము ముఖ్యము. 2025 మే 5న కేంద్ర ప్రభుత్వము ఒక పథకము ప్రకటించినది. దాని ప్రకారము రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదమైన దినమునుండి ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయల మేరకు, సొమ్ము కట్టనక్కరలేని వైద్యము లభించును. ఈ సంగతి మన డ్రైవర్లలో ఎందరెరుగుదురు? గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చి, పోలీసు ఠాణాకు తెలిపి, పిదప మేనేజరుకు ఫోను చేయవలెనని ప్రతి డ్రైవరుకు అతనికి వచ్చిన భాషలో ఒక చిన్న కార్డు వ్రాసి ఇచ్చుటకు ఎంత ఖర్చు? ఒక మనిషి ప్రాణముతో పోల్చిన అది ఖర్చు కానే కాదు.

ఇక అసలు విషయమునకు వత్తును. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి మార్గదర్శకత్వమున తాత్కాలికముగా పలకలు దింపి నీటిని ఆపిరి. మొత్తము 33 గేట్లును మార్చవలసినవే యని తేలినది. ఆనకట్ట సామర్థ్యము 105 టి.ఎం.సి.లు దాటియున్నను, ఈ యేడు 80 టి.ఎం.సి.లకు మించి నిలుపలేదు. గేట్లు మార్చు పనికై ఈ పర్యాయము రెండవ పంటకు నీరు విడువరాదని నవంబరులో నిర్ణయించిరి. గేట్లు మారుట అవసరమే; ఆనకట్ట నిలిచిన మనము నిలుతుము. రైతుకు కలుగు నష్టమును గూర్చి రైతు సంఘములు మాటలాడుచున్నవి. కాని ఆ పంటను మోయవలసిన బండ్ల సంగతి ఎవరును ఎత్తుట లేదు.

మొదటి పంట వడ్లు మిల్లాడించి బియ్యము పంపుచుండగా శివరాత్రి, ఉగాది గడచును. ఏప్రిల్, మే మాసములలో రెండవ పంట కోతకు రావలసిన వేళకు పొలములు బీడుగా నుండును. వడ్లు రావు, ఎరువులు పోవు, విత్తనములు కదలవు. మూడు నాలుగు నెలలు బండ్లు మిల్లు ఆవరణలో నిలిచియుండును. కిస్తీలు మాత్రము నిలువవు. అప్పుడు యజమానికి మొదట తోచు ఉపాయమేది? ‘డ్రైవర్లను పంపివేయుము, పని వచ్చినప్పుడు చూతము’ అనుట. మేనేజరు ఆ మాట డ్రైవర్లకు చెప్పవలసివచ్చును. ఈ పని వలదని చెప్పుటకే ఈ వ్యాసమంతయు వ్రాసితిని.

మన జిల్లా ఇట్టిదానిని ఒకమారు చూచినది. 2011 జూలై 29న సుప్రీం కోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప గనుల త్రవ్వకమును నిలిపివేసినది. అంతకుముందు ఖనిజపు జోరులో అప్పుచేసి లారీలు కొన్నవారు అనేకులు. ఒక్క ఆజ్ఞతో హోస్పేట, సండూరు, బళ్ళారి దారులలో బండ్లు వరుసలు కట్టి నిలిచిపోయినవి. అప్పిచ్చినవారు వచ్చి బండ్లు తోలుకొనిపోయిరి. డ్రైవర్లు, క్లీనర్లు చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదరిపోయిరి. 2012, 2013 సంవత్సరములలో కొన్ని గనులు తిరిగి తెరచినప్పుడు, బండ్లు కొనుటకు సొమ్ము దొరకినంత సులువుగా, వెనుకటి నమ్మకమైన మనుష్యులు దొరకలేదు. ఇనుము మరల త్రవ్వవచ్చును. పోయిన చేతిపనివానిని త్రవ్వి తీయలేము. గనుల దెబ్బ చెప్పక వచ్చినది. ఈ వేసవి దెబ్బ నాలుగు నెలలు ముందుగా చెప్పి వచ్చుచున్నది. చెప్పి వచ్చిన కష్టమునకు సిద్ధపడనివారిని ఎవరును జాలితో చూడరు.

‘పనిలేని మనిషికి జీతమెట్లిత్తుము?’ అని యజమానులడుగుదురు. నేనును వర్తకుడనే, ఆ ప్రశ్న న్యాయమైనదే. కావున లెక్కతోనే చెప్పెదను. డ్రైవరు జీతము నెలకు 20,000 అనుకొందము. మూడు నెలలు సగము జీతమిచ్చి నిలుపుకొన్న 30,000 ఖర్చు. పంపివేసి, నవంబరు కోతలలో మరియొకడు దొరకక పదిదినములు బండి నిలిచినదనుకొందము. కిస్తీ నెలకు 50,000 అయిన, ఆ పదిదినముల వంతు దాదాపు 17,000. పోయిన ట్రిప్పుల బాడుగ దానికి అదనము. కొత్తవాడు బండి మర్మమెరుగక క్లచ్చుప్లేటు కాల్చిననో, జత టైర్లు కోసిననో అది ఇంకొక అదనము. పాతవాడు నమ్మి ఒప్పగించిన సరుకును తక్కువ కాకుండ దించివచ్చు విలువను ఏ పద్దులో వ్రాయుదుము? మూడు నెలల సగము జీతము దానము కాదు; కోతలకాలమునకు ముందుగా కట్టిన బయానా.

ఆ మూడు నెలలు ఊరక కూర్చుండబెట్టుమని నేననను. కోతలలో తీరిక దొరకక వాయిదా వేసిన మరమ్మతులన్నియు అప్పుడే చేయింపవచ్చును. కట్టలు విప్పి చూచుట, బ్రేకులు, వైరింగు సరిచేయుట, బాడీకి చెక్కలు మార్చి రంగు వేయుట, ఎఫ్.సి. పరీక్షకు సిద్ధపరచుట వంటి పనులలో డ్రైవరు దగ్గరనుండిన మేస్త్రీ కూలి కలిసివచ్చును. వారిని ఒకమారు కంటి వైద్యునికి చూపుట, లైసెన్సు గడువులు సరిచూచుట, బి.ఎస్.6 బండి దీపముల అర్థము చెప్పించుట కూడ ఆ తీరికలోనే సాధ్యము. లోడులేని ఇద్దరు ముగ్గురు యజమానులు కలిసి, తోరణగల్లు ఉక్కు కర్మాగారమునకో మరియొక చోటికో బయటి లోడులు వెదకి, వంతులవారీగా బండ్లు పంపుకొనవచ్చును. ఒకరి బండికి ఒకరు పోటీపడి బాడుగ తెగగొట్టుకొన్న ముగ్గురును మునుగుదురు. కిస్తీల సంగతి బ్యాంకువారితో జనవరిలోనే మాటలాడవలెను. ఒక్క కిస్తీయు తప్పనివాని మాటకున్న విలువ, రెండు తప్పినవాని మాటకు ఉండదు. కొత్త లారీ కొనదలచినవారు పన్ను తగ్గినదని తొందరపడక, కాలువలో నీరు చూచిన పిమ్మటనే కొనుట శ్రేయస్కరము.

ఇక యజమానులకు నా మనవి మూడు మాటలలో. మొదటిది: మేనేజరుకు బాధ్యతతోపాటు అధికారమీయవలెను. నెలకింత అని ఒక మొత్తము అతని చేతిలో పెట్టి, అంతవరకు టైరుకైనను మరమ్మతుకైనను సెలవడుగనక్కరలేదని వ్రాసి ఇండు. చట్టము మించిన లోడును, ఎఫ్.సి. లేని బండిని ‘పోరాదు’ అని ఆపు హక్కు అతనిదే కావలెను. ఆ హక్కును మీరు కూడ మీరరాదు. రెండవది: బాడుగ టన్నుకింత గాక ట్రిప్పునకింత యని, చట్టప్రకారము పట్టు లోడునకు కుదుర్చుకొనుడు. డీజిలు ధర మారిన బాడుగ ఎట్లు మారవలెనో ఒప్పందమునందే వ్రాసికొనుడు. మూడవది: ప్రతి మిల్లు ఆవరణలో డ్రైవర్లకు ఒక గది, స్నానమునకు నీళ్లు, రెండు మంచములు ఏర్పరుపుడు. అవి మీ డ్రైవరుకే కాదు, సరుకు తెచ్చిన పరాయి డ్రైవరుకును. మీ డ్రైవరు మరియొక మిల్లులో పరాయివాడే గదా.

మేనేజర్లకును ఒక మాట. గోడకు ఒక పెద్ద పట్టిక కట్టి, బండి నంబరునకు ఎదురుగా ఐదు కాగితముల గడువులను, టైరు మార్చిన తేదీని, డ్రైవరు విశ్రాంతి దినమును వ్రాసియుంచుడు. ఫోనులో నున్నది మీరొక్కరే చూతురు. గోడపై నున్నది యజమానియు చూచును. లోడు మించినప్పుడు నోటిమాటగా గాక, లాగ్‌బుక్కులో ‘ఇంత బరువు, ఇంత మించినది’ అని వ్రాసి చూపుడు. వ్రాతకున్న బలము వాదమునకు లేదు.

మన సంఘము చేయదగిన పనియు కలదు. రవాణా శాఖ ప్రకటనలు, జరిమానా నోటీసులు కన్నడమునను ఇంగ్లీషునను వచ్చుచున్నవి. కన్నడము చదువుట మనకు కష్టము కాదు, కష్టము కారాదు కూడ. కాని చట్టపు కన్నడము ఇంటి కన్నడము కాదు. వానిని చదివి తెలుగున సులభముగా వివరించువారు మనలో ఉన్నారు. వారానికి ఒక సాయంకాలము సంఘ భవనమున కూర్చుండి, ఏ భాష డ్రైవరు వచ్చినను, ఏ కులపు మేనేజరు వచ్చినను చెప్పుటకు వారు ముందుకు రావలెను. జనవరి మాసములోనే యజమానులను, మేనేజర్లను, డ్రైవర్లను ఒక్కచోట కూర్చుండబెట్టి, వేసవి నెలల సగము జీతము, వంతుల లోడులు, బాడుగ లెక్క అను మూడు విషయములపై ఒక ఒడంబడికకు రావలెనని నా ప్రార్థన. చర్చకు యజమానులొక్కరే వచ్చిన అది కొనుగోలుదారులు మాత్రమే వచ్చిన సంత వంటిది, బేరము తెగదు.

కొత్త గేట్లు నిలిచి, తొలకరి వరద వచ్చి, కాలువకు నీరు విడిచిననాడు మన పొలములు మరల పచ్చబడును. నారు పోయుటకు రైతుండును, ఆడించుటకు మిల్లుండును. వానిని సంతకు చేర్చుటకు బండిమీద మనిషి యుండునో లేదో, అది ఈ వేసవిలో మనము తీసికొను నిర్ణయముపై ఆధారపడియున్నది. లెక్కల పుస్తకము మూయకముందే ఆ నిర్ణయము చేయుదురని ఆశించుచున్నాను.